క్యాంపర్ వ్యాన్‌తో ఇంటిదారి: తిరుపతి, చిత్తూరు చేరేదాకా, చేరాక

టూర్‌కి బయల్దేరేముందు ఏం సర్దుకోవాలో చెప్పేవాళ్లు బోలెడంతమంది. తిరిగొచ్చేటప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. లదాఖ్, స్పితి, రాజస్థాన్ అంటూ మన వైపు నుంచి క్యాంపర్ వ్యాన్ (పడక, వంట సదుపాయం ఉన్న బండి) వేసుకుని వెళ్లినవాళ్లు నాగ్‌పూర్ దాటగానే ఫోన్ చేసి అడిగేది ఒకటే: "ఇక్కణ్ణుంచి ఆగకుండా ఇంటికి వచ్చేయొచ్చా?"

వద్దు. ఎందుకంటే మన ఊళ్లు ఉన్న చోటు అలాంటిది. బెంగళూరు వైపు నుంచి చిత్తూరు వస్తే పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. పీలేరు మీదుగా తిరుపతి వస్తే భాకరాపేట ఘాట్ దిగాలి. కడప నుంచి రాయచోటి మీదుగా చిత్తూరు వస్తే గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. రాజంపేట, కోడూరు దారి పడితే బాలపల్లె అడవి మలుపులు. కాస్త చదునుగా వచ్చేది నాయుడుపేట, శ్రీకాళహస్తి దారి. అంటే ఢిల్లీ నుంచి రెండు వేల కిలోమీటర్ల పైన వచ్చాక, బ్రేకులు అరిగి, డ్రైవర్ అలసిపోయి, దారిలో కొన్న సామానుతో వ్యాన్ బరువెక్కినప్పుడు కష్టమైన రోడ్డు మొదలవుతుంది. కాబట్టి చివరి రోజు చిన్నదిగా పెట్టుకోవాలి, పగలే ఇల్లు చేరాలి, చేరిన రోజే వ్యాన్ ఖాళీ చేయాలి. కింద రాసినవన్నీ ఈ మూడింటి కోసమే.

దగ్గర ఉండాల్సినవి

- టైరు గాలి చూసే గేజ్. పెట్రోల్ బంకులో మిషన్ ఉంటుందిలే అనుకోవద్దు, సగం చోట్ల తప్పు చూపిస్తుంది.
- చిన్న మల్టీమీటర్, బ్యాటరీ వోల్టేజీ చూడ్డానికి.
- జాకీ, వీల్ స్పానర్, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు.
- రబ్బరు గ్లౌజులు, చెత్త కవర్లు, సబ్బు, పాత పెయింట్ బ్రష్.
- సువాసన కలపని లిక్విడ్ బ్లీచ్. ఇంటికొచ్చాక కొన్నా చాలు.
- కొలత టేపు.
- ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు. డిజీలాకర్‌లో పెట్టుకోండి, జిరాక్సులు కూడా ఉంచుకోండి. నెలల తరబడి తిరిగినవాళ్లకు పొల్యూషన్ గడువు దారిలోనే అయిపోతుంది, ఎవరూ గమనించరు.
- నంబర్లు: నేషనల్ హైవే మీద సాయానికి 1033, అత్యవసరానికి 112, గ్యాస్ లీకైతే 1906.

1. సగం దారిలో బండిని మెకానిక్‌కి చూపించండి

నాగ్‌పూర్ గానీ హైదరాబాద్ గానీ, ఒక పూట కేటాయించండి. ఇంటికెళ్లాక ఎలాగూ సర్వీసింగ్ చేయిస్తాం కదా అని దాటేస్తారు. ఘాట్లు ఇంటికి ముందే వస్తాయి మరి.

మెకానిక్‌కి "ఒకసారి చూడన్నా" అని వదిలేస్తే ఆయిల్ మార్చి పంపిస్తాడు. ఇవి అడిగి చేయించుకోండి: ముందు బ్రేక్ ప్యాడ్లు, వెనక బ్రేక్ లైనర్లు ఎంత మిగిలాయి, బ్రేక్ ఆయిల్ రంగు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మట్టం, ఫ్యాన్ బెల్ట్, చక్రాల నట్లు. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఇప్పుడే మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్‌లో వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. కొండల్లో కూలెంట్ తగ్గినప్పుడు మంచినీళ్లు పోసుకుంటూ వచ్చినవాళ్లు ఆ సంగతి మెకానిక్‌కి తప్పకుండా చెప్పండి.

టైర్ల గురించి రెండు మాటలు. లేహ్ లాంటి ఎత్తులో గాలి పట్టించి కిందికి దిగితే, వాతావరణ పీడనం తేడా వల్లే గేజ్ సుమారు 5 పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) తక్కువ చూపిస్తుంది. మరోపక్క మన ఎండకి లోపలి గాలి వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది. రెండూ కలిసి ఎటు తేలుతుందో ఊహించి లాభం లేదు. పొద్దున్నే, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెకు సరిచేయండి. స్టెప్నీ కూడా.

రెండోది టైరు వయసు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. క్యాంపర్ వ్యాన్లు ఏడాదిలో ఎక్కువ కాలం నిలబడే ఉంటాయి కాబట్టి అరుగుదల కన్నా ముందు వయసు మీద పడుతుంది. గాడి బాగానే కనిపిస్తున్నా ఆరేళ్లు దాటిన టైరుతో, పక్కన సన్నటి పగుళ్లు కనిపిస్తున్న టైరుతో ఘాట్ దిగొద్దు.

*సరిగ్గా ఉందని ఎలా తెలుసుకోవాలి:* చదును రోడ్డు మీద ఇరవై నిమిషాలు పెద్దగా బ్రేక్ వేయకుండా నడిపి, మెల్లగా ఆపండి. ఒక్కో చక్రం దగ్గర అరచేతి వెనకవైపు ఉంచి చూడండి, తాకొద్దు. నాలుగింట్లో ఒకటి మాత్రం సెగ కొడుతుంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. వెంటనే చూపించండి.

దారిలో పంక్చర్ వేయించుకున్నా, చక్రం మార్చినా 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించాలి. పంక్చర్ షాపువాడు బిగించాడు కదా అని లైట్ తీసుకోవద్దు.

2. దూరాన్ని ఇంటి దగ్గర్నుంచి వెనక్కి లెక్కేయండి

చాలామంది ఉన్న చోటి నుంచి ముందుకు లెక్కేస్తారు. రోజుకి ఇన్ని కిలోమీటర్లు అని కొట్టుకుంటూ పోతే చివరి ముక్క రాత్రి పదకొండుకి భాకరాపేటలో పడుతుంది. మీరు వెనక నుంచి మొదలుపెట్టండి. ఇంటికి మధ్యాహ్నం మూడుకల్లా చేరాలి. చివరి రోజు 150 కిలోమీటర్లకు మించకూడదు, కొద్దిగా అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మిగతా రోజులు 400 దగ్గర ఆపేయండి.

నాగ్‌పూర్ నుంచి అయితే ఇలా కుదురుతుంది: మొదటి రాత్రి నిర్మల్, రెండో రాత్రి కర్నూలు, మూడో రాత్రి కడప. కర్నూలు రోజు ఒక్కటే పొడవు. హైదరాబాద్ ఊళ్లోకి దిగకుండా మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దగ్గర దిగండి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకి 40వ నంబర్ హైవే. మధ్యలో టైం మిగిలితే మహానందో అహోబిలమో చూసుకోవచ్చు గానీ, ఆ రోజు కడప చేరడం ముఖ్యం.

బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు కోలారు గానీ ముళబాగిలు గానీ మంచి ఆఖరి మజిలీ. విజయవాడ వైపు నుంచి అయితే నెల్లూరు.

కడప నుంచి ఏ దారి? చిత్తూరు వాళ్లకు పెద్దగా ఆలోచించే పని లేదు, రాయచోటి, పీలేరు మీదుగా నేరుగా వచ్చేయడమే. తిరుపతి వాళ్లకు ఒంటిమిట్ట, రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంట చేరే 716వ నంబర్ హైవే దగ్గరి దారి. కానీ ఇరుకు ఎక్కువ, లారీలు ఎక్కువ. రాయచోటి, పీలేరు మీదుగా వస్తే చుట్టు, పైగా రెండు ఘాట్లు. ఎత్తయిన వ్యాన్ అయితే నేను కోడూరు దారే చెబుతాను. ఓవర్‌టేక్ చేయకుండా లారీ వెనకే ఓపికగా రావడం, ఘాట్‌లో బ్రేకుల మీద ఆధారపడటం కన్నా నయం.

టోల్ సంగతి: 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ ఏడాది పాస్ ప్రైవేటు కారు, జీపు, వ్యాన్ కేటగిరీకే. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. పెద్ద ట్రావెలర్ చాసిస్ మీద కట్టిన బండి మినీబస్ కేటగిరీలో ఉంటే పాస్ రాదు. పాస్ ఉన్నవాళ్లు కూడా వాలెట్ ఖాళీగా ఉంచొద్దు. అది నేషనల్ హైవేలకే చెల్లుతుంది, హైదరాబాద్ ఔటర్‌లో మామూలుగానే డబ్బు కట్ అవుతుంది. ట్యాగ్ పనిచేయకపోతే నగదుకు రెట్టింపు, యూపీఐకి 1.25 రెట్లు అన్న రూల్ 2025 నవంబరు 15న వచ్చింది.

3. బరువు దింపండి

లీటరు నీళ్లు కిలో బరువు. వంద లీటర్ల ట్యాంకు నింపుకుంటే అదనంగా ఇద్దరు సన్నటి మనుషులను ఎక్కించుకున్నట్టే. వచ్చేటప్పుడు పావు ట్యాంకు చాలు, మజిలీలో మళ్లీ పట్టుకోవచ్చు. వాడిన నీళ్ల ట్యాంకు కూడా రోజూ ఖాళీ చేయండి.

ఇక జైపూర్ రజాయిలు, సహారన్‌పూర్ చెక్క బొమ్మలు, రాళ్లు, కుండలు. ఇవన్నీ వెనక డిక్కీలోనో టాప్ మీదో పడతాయి. వెనక చక్రాల అవతల బరువు పెరిగితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ తేలినట్టు ఉంటుంది, మలుపుల్లో తెలుస్తుంది. బరువైనవి నేల మీద, రెండు చక్రాల వరసల మధ్య పెట్టండి. కొన్నవి ఎక్కువైతే పార్సిల్ సర్వీసులో వేసేయండి. టాప్ మీద ఏమీ వద్దు.

4. గ్యాస్

బండి కదులుతున్నంతసేపూ రెగ్యులేటర్ ఆఫ్‌లో ఉండాలి, సిలిండర్ నిలువుగా బెల్టుతో కట్టి ఉండాలి. ప్రయాణంలో ఫ్రిజ్ గ్యాస్ మీద నడపొద్దు.

నెలల తరబడి గతుకుల మీద ఊగిన గొట్టం కాబట్టి చివరి మజిలీలో ఒకసారి సబ్బు నురుగు పరీక్ష చేయండి. బ్రష్‌తో నురుగు రెగ్యులేటర్ చుట్టూ, గొట్టం రెండు చివర్లా, స్టవ్ దగ్గరా పూసి, గ్యాస్ ఆన్ చేసి, నిమిషం చూడండి. బుడగ పెరుగుతోందంటే లీకే. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పని చేయొద్దు.

సిలిండర్ మెడ దగ్గర లోపలివైపు ఇంగ్లిషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి కూడా అలాగే మూడేసి నెలలు. "బి 27" అంటే 2027 జూన్ లోపు దానికి మళ్లీ టెస్ట్ చేయాలి. దారిలో ఎక్కడో మార్చుకున్న సిలిండర్ మీద గడువు దాటి ఉంటే ఇంటిదాకా మోసుకురావద్దు, అక్కడే ఏజెన్సీలో ఇచ్చేయండి. రెండు మూడు రోజుల వంటకి ఐదు కిలోల చిన్న సిలిండర్ చాలు, కొన్ని పెట్రోల్ బంకుల్లో కూడా అమ్ముతారు.

5. చివరి రాత్రి మజిలీలో చేసేవి

ఇది విశ్రాంతి రాత్రి, కానీ ఒక గంట పని ఉంది. టాయిలెట్ క్యాసెట్ (మలం చేరే విడి డబ్బా) ఖాళీ చేసి కడగండి. హోటల్ వాళ్లనో బంకువాళ్లనో అడిగి, వాళ్ల టాయిలెట్‌లో కొద్దికొద్దిగా పోసి నీళ్లు కొట్టండి. కాలువలో, వంకలో, చెట్ల కింద పోయొద్దు. మిగిలిన కూరగాయలు వండేసుకోండి, ఫ్రిజ్ ఖాళీ చేయండి. బట్టలు మూటలు కట్టేయండి.

తర్వాత వ్యాన్ ఎత్తు కొలవండి. ఏసీ, సోలార్ ప్యానెల్, వెంట్ మూత, అన్నీ కలిపి. ఆ అంకె కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అంటించండి. హైవే మీద ఉన్నన్నాళ్లూ ఈ అంకె అవసరం రాదు, మన వీధిలోకి తిరిగాక వస్తుంది.

ఎనిమిది గంటలు నిద్రపోండి. తెల్లారుజామున మూడుకి లేచి బయల్దేరడం మనవాళ్లకు అలవాటు. ఈ ఒక్క రోజుకి మానేయండి, టిఫిన్ చేసి వెలుతురులో కదలండి.

6. ఘాట్

దిగే ఘాట్ అయితే, అంటే మొగిలి, భాకరాపేట అయితే, పైనే ఆగండి. పలమనేరులో గానీ భాకరాపేట ఊళ్లో గానీ టీ తాగి, ఒకసారి చక్రాలన్నీ చూసుకుని, అప్పుడు దిగండి. పాత డ్రైవర్ల మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బరువున్న వ్యాన్‌కి అది రెండో గేరు, మహా అయితే మూడు. దిగడం మొదలుపెట్టకముందే గేరు తగ్గించాలి. సగం దిగాక వేగం పెరిగిపోయి అప్పుడు తగ్గిద్దామంటే గేరు పడదు.

బ్రేక్ మీద కాలు ఆనించి దిగొద్దు. ఇంజన్ పట్టి ఉంచుతుంటే, వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి తగ్గించి, వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ. విడిచిన ప్రతిసారీ బ్రేకులకు చల్లారే టైం దొరుకుతుంది. ఎప్పుడూ న్యూట్రల్ వద్దు. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో రెండులో పెట్టుకోండి.

వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉంటాడు. కొట్టుకోనివ్వండి. వెడల్పు దొరికిన చోట పక్కకి తీసి పంపించండి.

కాలిన వాసన వచ్చిందా, పెడల్ మామూలు కన్నా లోపలికి దిగుతోందా, ఆపడానికి ఇంకో మలుపు దాకా చూడొద్దు. వెడల్పు ఉన్న చోట ఆపి, గేరులో ఉంచి, చెక్క దిమ్మెలు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగొద్దు, వేడి డ్రమ్ముకి లైనర్ పట్టేస్తుంది. నీళ్లు అసలే పోయొద్దు, డ్రమ్ము గానీ డిస్క్ గానీ పగిలే ప్రమాదం ఉంది. ఊరికే అరగంట ఉండండి. తర్వాత నిలబడి ఉన్న చోటే పెడల్ నొక్కి చూడండి. గట్టిగా పైనే ఆగితే మెల్లగా కదలొచ్చు, ఇంకా మెత్తగా ఉంటే 1033కి ఫోన్ చేయండి.

గువ్వలచెరువు ఎక్కే ఘాట్ కాబట్టి అక్కడ బాధ ఇంజన్‌ది. ఎక్కేముందే క్యాబిన్ ఏసీ ఆపేయండి. వేడి ముల్లు పైకి పోతుంటే పక్కకి తీసి, ఇంజన్‌ని వెంటనే ఆపకుండా రెండు నిమిషాలు ఐడిల్‌లో తిప్పండి. కూలెంట్ కారిపోతుంటే మాత్రం వెంటనే ఆపాలి. రేడియేటర్ మూత వేడి మీద తిప్పొద్దు. గువ్వలచెరువు పాలకోవ అంగళ్ల దగ్గర ఎలాగూ ఆగుతారు, ఇంజన్ చల్లారడానికి ఆ టైం సరిపోతుంది.

7. ఆ చివరి వంద కిలోమీటర్లలో ఎదురయ్యేవి

*ఎర్రచందనం తనిఖీ.* శేషాచలం చుట్టూ ఏ రోడ్డు మీదైనా పోలీసులో ఫారెస్టు వాళ్లో వెనక డోరు తెరవమంటారు. పెద్ద మూసిన బండి, బయటి రాష్ట్రాల దుమ్ము, పైగా పడుకునే సీట్ల కింద అరలు. అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. విసుక్కోకుండా అన్నీ తెరిచి చూపించండి. చెక్క బొమ్మలు కొని ఉంటే బిల్లు చేతికందేలా ఉంచండి. దారిలో ఎవరికీ లిఫ్ట్ ఇవ్వొద్దు, ఎవరి మూటా ఎక్కించుకోవద్దు.

*నడిచే భక్తులు.* పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా, తమిళనాడు నుంచి పసుపు బట్టల్లో గుంపులుగా కొండకి నడిచి వస్తారు. పుత్తూరు, నగరి రోడ్డు అంచులన్నీ వాళ్లే. ఎండకి భయపడి తెల్లారుజామున, రాత్రి నడుస్తారు. వ్యాన్ అద్దాలు బయటికి చాచుకుని ఉంటాయన్నది గుర్తుంచుకోండి.

*ఏనుగులు.* పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. చీకటి పడ్డాక రోడ్డు దాటుతుంటాయి. కనిపిస్తే హారన్ కొట్టొద్దు, లైట్లు డిమ్ చేయండి, దిగి ఫోటోలు తీయొద్దు, దూరంగా ఆగండి.

*మామిడి ట్రాక్టర్లు.* జూన్, జూలైలో చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు రోడ్డు మీదే వరస కడతాయి. చాలా ట్రాలీలకు వెనక లైట్లు ఉండవు.

*వాన.* అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి అసలు వానలు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు ఏమైందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వాయుగుండం హెచ్చరిక ఉంటే కడపలోనో నెల్లూరులోనో రెండు రోజులు కూర్చోండి. మీ ఇల్లు మీ వెంటే ఉంది, టెన్షన్ దేనికి? వంక రోడ్డు మీద పారుతుంటే, ముందు బస్సు పోయిందని మీరు పోవద్దు. పక్కలు ఎత్తుగా ఉండే వ్యాన్‌ని నీళ్లు పక్కకి నెట్టేస్తాయి.

8. ఊళ్లోకి వచ్చాక

దారిలోనే కదా, వ్యాన్‌తోనే తిరుమల వెళ్లి దర్శనం చేసుకుని ఇంటికి పోదామా అని అడుగుతారు. నా సలహా: వ్యాన్ కిందే వదిలి ఆర్టీసీ బస్సులో వెళ్లండి. అలిపిరి తనిఖీలో బండిలోని ప్రతి అరా తెరవాల్సి వస్తుంది. మాంసం, మద్యం, పొగాకు ఏవీ పైకి పోకూడదు. నెలల పాటు వంట చేసుకున్న బండిలో ఏ మూల ఏ ఎండు చేపల పొట్లం ఉందో మీకే గుర్తుండదు. పైగా అలసిన బ్రేకులతో ఇంకో ఘాట్ ఎందుకు? బండికి పూజ చేయించాలని ఉంటే కాణిపాకం చదును రోడ్డే.

తిరుపతిలో వాన పడితే వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జి జోలికి పోవద్దు, నీళ్లు నిలుస్తాయి. ఎండ రోజైనా ఏ అండర్ బ్రిడ్జి కింద దూరేముందైనా డ్యాష్‌బోర్డు కాగితం చూడండి. తర్వాత మీ వీధి. వేలాడే సర్వీసు వైర్లు, కేబుల్ టీవీ తీగలు, పెళ్లి పందిళ్లు, వినాయక చవితి ఆర్చీలు. ఇంటి నుంచి ఒకరిని వీధి మొదటికి రమ్మనండి. వాళ్లు ముందు నడుస్తూ పైకి చూస్తే, మీరు రోడ్డు చూస్తూ రావచ్చు. కరెంటు తీగని కర్రతో ఎత్తి కింద నుంచి పోనిచ్చేవాళ్లున్నారు. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు, వీధి చివరే ఆపి సామాను మోసుకోండి.

9. మొదటి గంట

కాళ్లు కడుక్కుని కూర్చుంటే లేవరు. దిగిన వెంటనే ఈ వరసలో చేయండి.

గ్యాస్ ఆఫ్, సిలిండర్ బయటికి. తిండి పదార్థాలన్నీ బయటికి, పంచదార, బియ్యం, మసాలా పొడులతో సహా. ఒక్క బిస్కెట్ ముక్క చాలు, తెల్లారేసరికి చీమలు, వారంలో ఎలుకలు. ఫ్రిజ్ ఆఫ్ చేసి తుడిచి తలుపు తెరిచి, మూసుకోకుండా గుడ్డ అడ్డం పెట్టండి. తడి బట్టలు, చెప్పులు, చెత్త. క్యాసెట్‌లో ఏమైనా మిగిలితే ఇంటి టాయిలెట్‌లో పోయొచ్చు. కానీ ఫార్మాలిన్ ఉన్న మందు వాడి ఉంటే సెప్టిక్ ట్యాంకులో ఎక్కువ పోయొద్దు, లోపల కుళ్లబెట్టే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. వాడిన నీళ్ల ట్యాంకు వాల్వ్ తెరవండి. చివరగా బండి చుట్టూ తిరిగి ఫోన్లో వీడియో తీయండి. గీతలు, సొట్టలు, పగిలిన లైట్లు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలనుకుంటే ఆలస్యం చేయకుండా కంపెనీకి చెప్పాలి.

బ్యాగులు విప్పడం, ఫోటోలు చూపించడం తర్వాత.

10. మర్నాడు

*నీళ్ల ట్యాంకు.* ఖాళీ చేసి, కొత్త నీళ్లు నింపి, 5 శాతం లిక్విడ్ బ్లీచ్ లీటరు నీటికి ఒక మిల్లీలీటరు లెక్కన కలపండి. వంద లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ప్రతి కుళాయీ తెరిచి బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి, గొట్టాల్లోకి కూడా చేరాలి. మూడు నాలుగు గంటల తర్వాత మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. స్టీలు ట్యాంకు అయితే రాత్రంతా ఉంచొద్దు. బ్లీచ్‌తో పాటు టాయిలెట్ యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. చివరికి ట్యాంకు ఖాళీగానే, మూత కొంచెం తీసి ఉంచండి.

*బ్యాటరీ.* అన్నీ ఆపి, ఛార్జింగ్ తీసేసి రెండు మూడు గంటలయ్యాక మల్టీమీటర్‌తో చూడండి. లెడ్ యాసిడ్ అయితే 12.7 వోల్టులు నిండుగా ఉన్నట్టు, 12.2 సగం, 12 కన్నా కింద ఉంటే వెంటనే ఛార్జింగ్ పెట్టాలి. నిండుగా ఛార్జ్ చేసి ఉంచండి, నెలకోసారి మళ్లీ. లిథియం అయితే దానికి తిరగేసి: సగం దగ్గర ఉంచడం మేలు. రెండింటికీ ఇన్వర్టర్ మెయిన్ స్విచ్ ఆఫ్, నెగటివ్ తీగ విప్పేయడం ఒకటే. రిమోట్‌లో ఆపితే ఇన్వర్టర్ ఆగినట్టు కాదు, లోపల కరెంటు తింటూనే ఉంటుంది.

*పరుపులు.* నిలబెట్టి ఎండకి పెట్టండి. పరుపు కింది చెక్క మీద నల్ల మచ్చలు కనిపిస్తే అది బూజు.

*ఎలుకలు.* కింద తీగలు, గొట్టాలు లోపలికి వెళ్లే కంతల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కండి. పొగాకు కాడలు, నాఫ్తలీన్ ఉండలు నాలుగు రోజులు పనిచేస్తాయి, తర్వాత ఎలుకలకే అలవాటవుతుంది.

11. మూడో రోజు పరీక్ష

తలుపులు, కిటికీలు ఒక రాత్రి పూర్తిగా మూసి ఉంచి, పొద్దున తెరిచి ముందు వాసన చూడండి. సింక్ కింద నుంచి పుల్లటి వాసన వస్తే వాడిన నీళ్ల గొట్టం వంపులో జిడ్డు మిగిలింది. వంటసోడా వేసి వేడినీళ్లు పోయండి. ముక్కిపోయిన వాసన అయితే పరుపో కార్పెట్టో తడి. కుళ్లిన వాసన అయితే అర వెనక ఏదో పడింది, అర విప్పి చూడండి. ఏ వాసనా లేకపోతే పని అయినట్టు. బండి నిలబడిన చోట కింద మరకలున్నాయా అని కూడా వంగి చూడండి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటే కూలెంట్, చక్రం లోపలివైపు జిడ్డుగా ఉంటే బ్రేక్ ఆయిల్. ఆ చివరిది కనిపిస్తే బండి కదపొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

అద్దె వ్యాన్ అయితే

బెంగళూరులోనో చెన్నైలోనో తిరిగి ఇవ్వాల్సిన బండితో ముందు ఇంటికొచ్చి సామాను దింపి, మర్నాడు వెళ్లి ఇచ్చేవాళ్లు ఎక్కువ. బెంగళూరుకి అయితే ఘాట్ రెండుసార్లు పడుతుంది, 6వ అంశం రెండుసార్లు చదవండి. అప్పగించేముందు ట్యాంకులు ఖాళీ చేసి, లోపలా బయటా వీడియో తీసి, కిలోమీటర్ల మీటరు, డీజిల్ ముల్లు కనిపించేలా ఫోటో ఉంచుకోండి. డిపాజిట్ గొడవలన్నీ టాయిలెట్ శుభ్రం దగ్గర, గీతల దగ్గరే వస్తాయి. పసుపు నంబర్ ప్లేటు బండి అయితే పర్మిట్ గడువు ఏ రోజుకి అయిపోతుందో సరిహద్దు చెక్‌పోస్టుకి ముందే చూసుకోండి.

నెలల తరబడి నిలబెట్టేవాళ్లకు

డీజిల్ ట్యాంకు నింపి ఉంచండి, ఖాళీ ట్యాంకులో తేమ చేరుతుంది. గాలి ఒక నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ పట్టించి, పదిహేను రోజులకోసారి బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో జరపండి. హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేయొద్దు, వానాకాలంలో లైనర్ డ్రమ్ముకి అతుక్కుపోతుంది. గేరులో ఉంచి దిమ్మెలు పెట్టండి. మీద కప్పే టార్పాలిన్ గాలాడేలా వదులుగా ఉండాలి, బిగించి కడితే లోపల చెమ్మ పట్టి పరుపుల మీద మళ్లీ బూజు మొదలవుతుంది.